చేనేత: వేసవి పని, విద్యా వినిమయము

ఓరుగల్లు సీమలో వేసవి కృషీవలునకొక విధముగాను, నేతగానికి మరియొక విధముగాను వచ్చుచుండును. ప్రత్తి కట్టె పీకి, యాసంగి వరి కోసి, ధాన్యము కొలిచిన పిమ్మట సేద్యగాడు రోహిణి, మృగశిర కార్తెలకై నిరీక్షించుచు కొన్ని దినములు చెట్టునీడను కూర్చుండగలడు. నేతగానికట్టి విరామము లేదు. వానకాలమున సాగని పనులను ఎండకాలముననే తీర్చుకొనవలసిన వృత్తి యాతనిది. కావుననే చైత్ర వైశాఖ జ్యేష్ఠ మాసములలో మగ్గమున్న యిండ్లు ఊరక యుండవు. అయితే ఆ పని యేమి, ఎంతవరకు వచ్చినది, ఎచ్చట చిక్కుపడినది, ఆ చిక్కు ఎట్లు విడినది అను సంగతి ఆ యింటి గోడలు దాటి వచ్చుట నానాటికి తగ్గుచున్నది. చేనేత క్షీణించుటకు నూలు ధర, పన్ను, మరమగ్గముల పోటీ మున్నగు కారణములను మనము తరచుగా చెప్పుకొనుచున్నాము. అవి యన్నియు నిజములే. వానితోపాటు లెక్కింపవలసిన కారణము మరియొకటి కలదు. చేతిపనివారి నడుమ విద్య ఒకరినుండి యొకరికి సాగుట ఆగిపోవుచున్నది. నేడు పాఠకమహాశయుల దృష్టికి మేము తేదలచినది ఈ విషయమే.

ముందుగా ఈ వేసవి పనియొక్క స్వరూపమును తెలిసికొనవలెను. గుంట మగ్గముపై నేయువాడు కాళ్ళు గుంతలోనుంచి కూర్చుండును. వానలు ముదిరినప్పుడు ఆ గుంతలోనికి చెమ్మయు, ఒక్కొక్కప్పుడు నీరును చేరును. అద్దకము చేసిన నూలు చిలపలు ఆరవు. పడుగునకు పట్టించిన గంజి ఆరక పోగులు ఒండొంటికి అంటుకొనును. పడుగును బారుగా సాచుటకు ఇంటిలో చోటు చాలదు; వీధియే కావలెను; వానలో వీధి పనికిరాదు. కావున రంగుల పనియు, పడుగుల పనియు సాధ్యమైనంతవరకు వేసవిలోనే ముగించుకొందురు. వేసవి మాత్రము నేతగానికి పూర్తిగా అనుకూలమా యనిన, అదియు కాదు. మే మాసపు వడగాడ్పులకు ప్రత్తి పోగు పెళుసై తెగును. గంజి మితిమీరి త్వరగా ఎండిన పడుగు అచ్చులోని రాపిడికి నిలువదు. అందుచేతనే పెద్దలు తెల్లవారుజామున, ఎండ యెక్కకమునుపే, పడుగు సాచి గంజి పట్టించి కుంచెలతో దువ్వి ముగించెడివారు. మగ్గపు గుంతలోని చల్లదనము పడుగునకు కొంత తేమ నిచ్చుచుండును. గంజి యెంత చిక్కగా నుండవలెను, అందులో నూనె యెంత చేర్చవలెను, ఏ నెంబరు నూలు ఎంత గంజి త్రాగును అనువానిని నేతగాడు చదివి నేర్వలేదు. తండ్రి ప్రక్కను నిలిచి, తప్పిపోయిన పడుగును చూచి నేర్చినాడు.

ఈ పని ఒక్కనిచేత కాదనునది ఇందలి ముఖ్యాంశము. పడుగును వీధిలో సాచినప్పుడు ఇరుప్రక్కల పట్టుకొనుటకు, కుంచె లాగుటకు, తెగిన పోగులను అతుకుటకు పలువురు చేతులు కలుపవలెను. నేడు ఒకని పడుగు, రేపు మరియొకని పడుగు. ఇంటిలోని స్త్రీలు నూలు తోడుట, కండెలు చుట్టుట, ఆసుపోయుట చేయుచుండగా పురుషులు వీధిలో నుందురు. ఆ వీధిలో ఎవని పడుగు ఏ పాటిదో ప్రతివాడును కంటితో చూచును, చేతితో తడవును. ఈయన గంజి ఎందుచేత నిలిచినది, ఆయన రంగు ఎందుచేత విడిచినది అను ప్రసంగము పనితోపాటే సాగును. పాఠశాలలేని కాలమున ఆ వీధియే పాఠశాల. పరీక్షాధికారియు ఆ వీధియే. చెడిన పడుగును పదిమందియెదుట దాచుట అసాధ్యము కదా. ఊపిరి సలుపక తిరుగువానిని ‘ఆసులో కండె’ అని మన భాష చెప్పుచున్నది. నేతపని జనజీవనములో అంతగా కలిసిపోయినదనుటకు ఆ నుడికారమే సాక్ష్యము.

ఆ వీధి నేడేమైనది? సిద్ధముగా గంజి పట్టించి చుట్టిన పడుగు బయటనుండి వచ్చుట మొదలైన చోట పదిమంది చేతుల పని తప్పినది. దానివలన శ్రమ తగ్గినది. ఆ తగ్గుదలను మేము నిందింపము. కాని శ్రమతోపాటు సమావేశమును పోయినది. నూలు, నమూనా, కూలి మూడును షావుకారు చేతిలో నున్నచోట నేతగాడు తనకిచ్చిన కొలతకు నేసి యిచ్చి, తరువాతి పడుగు కొరకు వేచియుండును. బట్ట ఎచ్చట అమ్ముడుపోవుచున్నది, కొనువారు దేనిని మెచ్చిరి, దేనిని త్రిప్పిపంపిరి అను సమాచారము ఆతనికి చేరదు. ప్రక్కింటివాడు అదే షావుకారునకు అదే నమూనా నేయుచున్నను ఇరువురును తమ కష్టములను కలిపి చూచుకొనరు. ఈ స్థితిలో ప్రతి నేతగాడును తన తప్పులను తానే మొదటినుండి చేసి, తానే దిద్దుకొనవలసి వచ్చుచున్నది. ఒక సంవత్సరములో పది మగ్గములపై అదే పొరపాటు పది మారులు జరిగినచో ఆ నష్టమును ఏ లెక్కలపుస్తకమును చూపదు. ఆ నష్టము కూలిలో కోతగాను, అమ్ముడుపోని సరుకుగాను, చిన్నవాండ్రు మగ్గము విడిచిపోవుటగాను కనబడును.

వరంగల్లు కొత్తవాడను ఉదాహరణముగా తీసికొందము. కాకతీయుల రాజధానియైన ఈ ప్రాంతమునకు వస్త్రఖ్యాతి క్రొత్తది కాదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున విదేశవర్తకులకు అభయశాసనము వేయించినాడు. ఆ రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఇచ్చటి బట్టల సన్నదనమును సాలెగూటితో పోల్చినాడు. తివాచీల నేతయు, షత్రంజీల నేతయు మొగలుల దండయాత్రల కాలమున దక్కనునకు వచ్చిన పనివారితో ఓరుగల్లున కుదురుకొన్నవని ప్రతీతి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునందు ఓరుగల్లు తివాచీలు ప్రదర్శింపబడినవి. ప్రత్తినూలు జంపఖానా ఆ విద్యకే వారసురాలు. దానిలో పేక పడుగును పూర్తిగా కప్పివేయవలెను. అందుకొరకు ఇనుప పంజాతో పేకను క్రిందికి దట్టించుచుందురు. రంగు మారుచోట రెండు పేకపోగులను ఒకదానితో ఒకటి మెలివేయనిచో అచ్చట చీలిక మిగిలిపోవును. ఆ మెలిక ఎంత బిగువుగా నుండవలెనో, అంచు ముడుచుకొనకుండ పేకను ఎంత వదులుగా వేయవలెనో చేయి మాత్రమే నేర్వగలదు. 2018లో వరంగల్లు షత్రంజీలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ గుర్తింపుయొక్క అర్థమును మనము సరిగా గ్రహించితిమా యని మా సందేహము. 1999లో పార్లమెంటు ఆమోదించి 2003లో అమలులోనికి తెచ్చిన ఆ చట్టము ప్రకారము ఇట్టి గుర్తింపు ఏ యొక్క వ్యక్తికిని స్వంతము కాదు. దానిని విక్రయించుటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని వీలులేదు. అది ఆ ప్రాంతమున ఆ పనిచేయువారందరి ఉమ్మడి ఆస్తి. పది సంవత్సరములకొకసారి దానిని పునరుద్ధరించుకొనవలెను. నేయువారు ఎవరికివారు అధీకృత వినియోగదారులుగా నమోదు చేసికొననిచో పేరు మాత్రము పటములో నుండును, ప్రయోజనము మగ్గమునకు రాదు. ఆస్తి ఉమ్మడిదైనప్పుడు దానిని కాపాడు విద్యయు ఉమ్మడిది కావలెను. గుర్తింపునకు ఆధారమైన నేత మెలకువలు నాలుగిండ్ల వృద్ధులతో అంతరించిపోయినచో, ఉత్తపేరు మిగిలి ఏమి లాభము?

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. ‘నా నమూనాను నలుగురికి చూపినచో మరునాడే నలుగురును నేయుదురు, నాకేమి మిగులును?’ అని నేతగాడు అడుగును. అది స్వార్థమని త్రోసివేయుట అన్యాయము. నెలల తరబడి కట్టిన చిటికి పనిని మరమగ్గముల యజమానులు అచ్చువేసి ఎన్నవవంతు ధరకో అమ్మివేయుచుండగా చూచినవాడు అట్లు భయపడుట సహజమే. ఈ భయమునకు సమాధానము కలదు. నమూనా వేరు, విద్య వేరు. ఒక చీర అంచుపై పువ్వు ఎట్లుండవలెనో అది నమూనా. దానిని 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించుకొన్నచో పది సంవత్సరములును, తరువాత మరి యైదు సంవత్సరములును రక్షణ కలదు. గంజి నిలుపుట, రంగు కరిగిపోకుండ చేయుట, అంచు బిగువు కాపాడుట, ఎండకు పడుగు తెగకుండ చూచుట, ఇవి విద్య. దీనిని దాచుటవలన లాభపడువాడెవడు? బజారులో బట్ట కనబడిన దినముననే అనుకరించువాడు నమూనాను గ్రహించును. ఆతనికి మన రహస్యముతో పనిలేదు. ఆతడు యంత్రముతో వేరు మార్గమున చేయును. కావున మన గుట్టు చేరకుండ పోవునది ప్రక్క మగ్గమునకే.

మన విద్యను మనము పంచుకొనకున్నను పరులు పంచుకొనిరనుటకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను స్కాట్లండు దేశీయుడు భారతదేశపు వస్త్రముల నమూనాలను 18 సంపుటములుగా కూర్చెను. అందు 700 బట్టముక్కలు అతికింపబడినవి. అట్టి ప్రతులు 20 సిద్ధము చేసి, 13 బ్రిటనుకును 7 భారతదేశమునకును కేటాయించిరి. భారతీయులు ఏమి కట్టుదురు, ఎంత వెడల్పు, ఎంత పొడవు, ఏ రంగు, ఏ అంచు అనునది లాంకషైరు మిల్లులవారికి తెలియజేయుటయే ఆ గ్రంథముయొక్క ముఖ్యోద్దేశము. మన దేశమునందలి వేర్వేరు ఊళ్ళ నేత వారి బల్లపై ఒకేచోట పరచబడినది. ఆ 700 ముక్కలను నేసినవారు మాత్రము ఒకరి పని నొకరు చూడలేదు. ఇంతకన్న విచిత్రమైన స్థితి కలదా? మన నేతను జయింపగోరినవాడు మన నేత నంతయు కలిపి చదివినాడు. దానిని కాపాడవలసిన మనము విడివిడిగా మిగిలితిమి. ఆ పుస్తకము చేసిన పనిని మన సంఘములు మన మేలుకొరకు చేయరాదా?

విద్యను పంచుకొన్నచో ఏమగునో తెలుగుగడ్డమీదనే చూడవచ్చును. చీరాల ప్రాంతపు కట్టి అద్దు పని ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో నల్లగొండ సీమకు చేరినది. పోచంపల్లి, పుట్టపాక మున్నగు గ్రామములు దానిని నేర్చి, పెంచి, తమదిగా చేసికొన్నవి. చీరాల దానిని గుట్టుగా నుంచినచో పోచంపల్లి పేరు నేడు లోకమునకు తెలియకపోవును. మరియొక ఉదాహరణము ఇంకను సమీపకాలమునకు చెందినది. చిటికి పనికి ముందు నూలును అర్ధవలయముగా నున్న మేకులపై అటునిటు త్రిప్పి ఆసుపోయవలెను. ఒక చీరకు చేయి వేలకొలది మారులు పోయి రావలెను. స్త్రీల భుజములు ఆ పనితో అరిగిపోయెడివి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి పడు బాధను చూడలేక 1999లో ఆసుయంత్రమును కనిపెట్టెను. గంటల తరబడి సాగు పని దానితో గంటన్నరకు వచ్చినది. ఆయన దానికి తల్లి పేరుపెట్టి, తనయింట దాచుకొనక ఇతర నేతవారికి చేసి యిచ్చెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. పెద్ద చదువు చదువని నేతగాడు పూనుకొనిన పని ఇది. ఇట్టి బుద్ధి మరి యెన్ని మగ్గముల చెంత వినువారులేక నిదురించుచున్నదో మనమెరుగము.

విదేశముల సంగతియు ఒకమారు పరికింపుడు. అమెరికా దేశమున చేనేత జీవనోపాధిగా ఎన్నడో అంతరించినది. అయినను మగ్గమును ఇష్టముతో పట్టినవారు 1969లో చేనేతవారి సంఘమును స్థాపించుకొని, 1972 మొదలు మహాసభలు జరుపుచున్నారు. అచ్చటివారు వేసవిలో తాము చేపట్టిన పనులను, అవి వచ్చినంతవరకు తెచ్చి చూపుదురు. చెడిన పనినిగూడ చూపుదురు. నమూనా ముక్కలను వెనుకటి లెక్కలతోసహా ఒండొరులకు ఇచ్చికొందురు. వారికి అది వినోదము; పడుగు చెడినను ఇంట పొయ్యి ఆరదు. మనకది అన్నము. వినోదముకొరకు నేయువారు ఇంత శ్రద్ధతో విద్యను పంచుకొనుచుండగా, అన్నముకొరకు నేయువారికి అట్టి వేదిక లేకపోవుట మన వ్యవస్థలోని లోపము గాని నేతవారి లోపము కాదు.

లెక్కలను చూచినచో ఈ విషయము ఎంత త్వరపడవలసినదో తెలియగలదు. 2009-10 గణనలో దేశమున చేనేత, అనుబంధ పనులవారు 43.31 లక్షలుండగా, 2019-20 గణనలో 35.22 లక్షలైరి. ఆ కుటుంబములలో మూడింట రెండు వంతులవారి నెలసరి ఆదాయము 5,000 రూపాయలకు లోబడియున్నది. ఈశాన్య రాష్ట్రముల లెక్కను కలుపుకొని నేతవారిలో నూటికి 72 మంది స్త్రీలు. మనచోట మగ్గముపై కూర్చుండువాడు పురుషుడైనను, మగ్గమునకు ముందటి పనిలో అధికభాగము స్త్రీలదే. వారి పేరు సంఘపు పట్టికలో తరచుగా కానరాదు. నేతవిద్యను గూర్చిన యే సమావేశమునందైనను వారి మాట వినబడనిచో ఆ సమావేశము సగము విద్యను బయట నిలిపినట్లే.

ప్రభుత్వముల కర్తవ్యమును మేము విస్మరింపలేదు. 1985 నాటి రిజర్వేషను చట్టము మొదట 22 రకములను చేనేతకు ప్రత్యేకించినది. తరువాత అవి 11కు తగ్గినవి. జంపఖానా ఆ పదునొకండింటిలో నున్నది. సుప్రీంకోర్టు 1993లో ఈ చట్టమును సమర్థించినది. చట్టమున్నది, దాని అమలు మాత్రము మరమగ్గపు చప్పుడులో వినబడుట లేదు. నూలు మిల్లులు చేనేతకై చిలపలుగా ఇయ్యవలసిన నూలు వంతు 2003లో 50 శాతమునుండి 40కిని, 2019లో 30కిని దిగినది. 2017 జూలైలో వచ్చిన వస్తుసేవల పన్ను నూలును, చేనేత వస్త్రమును రెండింటిని తాకినది. 2020లో అఖిలభారత చేనేత బోర్డును రద్దుచేసిరి. ఆ బోర్డు గొప్పగా పనిచేసినదని మేము వాదింపము. కాని నేతవారి ప్రతినిధులు ఢిల్లీలో కూర్చుండి మాటలాడుటకున్న చోటు ఒకటి పోయినది. రాష్ట్రమున సహకార సంస్థద్వారా వసతిగృహములకు దుప్పట్లు, జంపఖానాలు కొనుట ఆదుకొను పనియే. అయితే ఏండ్లతరబడి అదే కొలత, అదే గీత, అదే రంగు నేసిన చేతికి మరియొక పని మరపునకు వచ్చును. కొనుగోలుతోపాటు ప్రతి సంఘమునకు కొన్ని మగ్గములను క్రొత్త పనికి విడిచిపెట్టు ఏర్పాటు కావలెను.

మగ్గము విడిచినవారితో విద్యయు వలసపోవుచున్నది. వరంగల్లు, జనగామ ప్రాంతముల నేతకుటుంబములు తరములుగా షోలాపురము, భీవండి, సూరతు నగరములకు పోయి మరమగ్గముల వద్ద కూలికి నిలిచినవి. 1934లో స్థాపితమైన ఆజంజాహి మిల్లు వేలమందికి బ్రతుకుతెరువు చూపి, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో మూతపడినది. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెము మండలముల నడుమ కాకతీయ వస్త్రపరిశ్రమల పార్కునకు శంకుస్థాపన జరిగినది. వలసపోయినవారిని తిరిగి రప్పించుట దాని ఉద్దేశములలో నొకటిగా ప్రకటింపబడినది. మంచిదే. కాని పార్కు యంత్రములకొరకైనది. చేనేత విద్యకు అచ్చట నీడ దొరకునని యెంచరాదు. ఆ నీడను మనమే వేయవలెను.

ఈ విషయమున భూస్వాములకును, పట్టణవాసులకును నేమి పని యని కొందరు తలంపవచ్చును. వరంగల్లునుండి ఖమ్మము పోవు మార్గమున నున్న వర్ధన్నపేటను చూడుడు. కోనారెడ్డి చెరువు క్రింద వరి, చెలకలలో ప్రత్తి. ప్రత్తి పండించిన రైతు దానిని ఎనుమాముల మార్కెట్టునకో, గింజతీయు మిల్లునకో తోలి, ఆనాటి ధరకు అమ్మి వచ్చును. ఆ ప్రత్తి బేళ్ళై ఎక్కడెక్కడికో పోయి, నూలై, పలుచేతులు మారి, ప్రతి చేతి లాభమును మోసికొని, వరంగల్లు నేతగాని యింటికి తిరిగి వచ్చును. పండించినవాడును నేసినవాడును కొన్ని క్రోసుల దూరములో నుండియు ఒకరి నొకరు ఎరుగరు. ఏ ప్రత్తి రకము పోగు ఎండకు తెగకుండ నిలుచునో నేతగానికి తెలియును. ఏ చెలకలో ఏ రకము పండునో రైతునకు తెలియును. ఈ రెండు తెలివిడులు కలిసికొనుచోటు లేదు. బేలు కట్టకుండ ప్రత్తిని సమీపముననే వడికి మగ్గమునకిచ్చు ‘మల్ఖా’ ప్రయత్నము తెలుగునాట జరిగినది. దానివలన ఈ రెంటినడుమ సంబంధము అసాధ్యము కాదని తేలినది. కావున నేతవారి సమావేశమునకు రైతును వెలుపలివాడని యెంచరాదు.

ఇక మేము చేయు సూచన యిది. ప్రతి చేనేత సహకార సంఘమును ఒక పనిపుస్తకము నుంచవలెను. ఉగాదినాడు దానిని తెరువవలెను. ఈ వేసవిలో తానేమి నేయదలచినది ప్రతి సభ్యుడును అందు చెప్పి వ్రాయించవలెను. నూలు నెంబరు, అచ్చు లెక్క, రంగు, గంజి పాళము, పట్టిన దినములు, వచ్చిన చిక్కు, దానికి చేసిన ఉపాయము, గిట్టిన కూలి అను అంశములుండవలెను. ప్రక్కను జానెడు బట్టముక్క అతికింపవలెను. పదునైదు దినములకొకసారి, పొద్దుగ్రుంకిన పిమ్మట, సభ్యులు కూడి ఆ పుటలను చదివించి వినవలెను. పూర్తియైన పనిని మాత్రమే చూపవలెనను నియమము పనికిరాదు. సగము పడుగుమీద నున్న పనిని, చెడిన పనిని చూపుటవలననే ఎక్కువ నేర్పు కలుగును. నమూనా చెప్పుట చెప్పకుండుట నేసినవాని యిష్టము; విద్య చెప్పుట మాత్రము సంఘధర్మము. ఇంటిలోని చదువుకొన్న పిల్లలు వ్రాతపనిని చేయగలరు. వృద్ధుల చేతికదలికలను చేతిలోని ఫోనుతో చిత్రించి భద్రపరుపగలరు. ఆ పనివలన వారికి మగ్గముపై గౌరవమును కలుగును.

వైశాఖమున పాఠశాలలు మూసియుండును. ఆ గదులలో నొకదానిని మూడు దినములు ఇచ్చినచో కొత్తవాడ వారును, పరిసర గ్రామముల నేతవారును, ప్రత్తి రైతులును ఒకచోట కూడవచ్చును. 2018లో పురపాలక సంఘమైన వర్ధన్నపేట ఇట్టి సభకు తగిన చోటు. పట్టణమంత వ్యయము లేదు, పెద్దబాట ప్రక్కననే యున్నది, రైతునకు పరాయిచోటు కాదు. నీడ, మంచినీరు, భోజనము భూస్వాములు చూడవలెను. సభకు వచ్చిన మూడు దినముల కూలి నేతవారికి నష్టము కాకుండ సంఘము గాని, పురపాలకులు గాని ఇయ్యవలెను. ఉపన్యాసములు వినిపించి రిక్తహస్తములతో పంపుట మర్యాద కాదు. మంత్రులను పిలిచి పూలదండలు వేయు సభ మాకక్కరలేదు. మగ్గము, ఆసు, రాట్నము ఆ గదిలోనికి రావలెను; మాటలాడువారు నేయువారే కావలెను. కొనుగోలుదారులైన పట్టణవాసులు చివరి దినమున వచ్చి చూచి, అడిగి, న్యాయమైన వెలకు ముందుగా చెప్పి నేయించుకొనవలెను.

వేసవిలో ఆరంభమైన పని శ్రావణమునకు బట్టగా వచ్చును. 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా పురభవనములో స్వదేశీ ప్రతిజ్ఞ చేసిన దినమునే 2015 మొదలు జాతీయ చేనేత దినముగా జరుపుచున్నాము. ఆ దినమున ఒక రుమాలు మెడను చుట్టుకొని చిత్రము తీయించుకొనుటతో మన స్వదేశీ వ్రతము ముగియరాదు. సంఘముల పనిపుస్తకములు ఆ దినమున ప్రజలయెదుట తెరచియుండవలెను. ఈ వేసవిలో మా యూరి మగ్గములు ఇన్ని, క్రొత్త పనులు ఇన్ని, నేర్చుకొన్న చిన్నవారు ఇందరు అని ప్రతి సంఘమును చెప్పుకొనగలగవలెను. చెప్పుకొనుటకేమియు లేని సంఘము తన కార్యవర్గమును ప్రశ్నించుకొనవలెను.

నూలు ధరను తగ్గించుట నేతగాని చేతిలో లేదు. పన్నును తొలగించుట రైతు చేతిలో లేదు. వానికొరకు ప్రభుత్వములను అడుగుచునే యుండవలెను, గట్టిగా అడుగవలెను. తన పనిని తోడివానికి చెప్పుటకు మాత్రము ఎవరి యనుమతియు అక్కరలేదు, ఏ పద్దునందును ధనము కేటాయింపనక్కరలేదు. కొండా లక్ష్మణ్ బాపూజీ, ప్రగడ కోటయ్య వంటి నాయకులు నేతవారిని సంఘములుగా కూర్చుటకు జీవితములు ధారపోసిరి. ఆ సంఘములు నూలు పంచి, బట్ట కొని, లెక్కలు చూచుకొను కార్యాలయములుగా మాత్రమే మిగులుట వారి ఆశయము కాదు. ఓరుగల్లు సీమ నేతవారు ఈ యేటి వేసవికే ఒక్క పుస్తకము తెరిచి, ఒక్క బట్టముక్క అతికించి పని మొదలిడుదురు గాక. వర్ధన్నపేట పెద్దలు వారికి నీడయు, నీరును, గౌరవమును సమకూర్చుదురు గాక.